పలాశీ యుద్ధభూమి యాత్ర: బస ఎక్కడ చేయాలి?

ఖరీఫ్ ధాన్యం అమ్మకాలు ముగిసి, రబీ పైరుకు నీటి తడులు మాత్రమే మిగిలిన రోజులలో రైతు కుటుంబాలు నాలుగు ఊళ్ళు చూచి రావాలని సంకల్పించడం సహజం. అమ్మకాల లక్ష్యాన్ని చేరిన ఎరువుల, పంపుసెట్ల డీలర్లను కంపెనీలు విహారయాత్రలకు పంపడం కూడా వాడుకలో ఉన్నదే. అట్టి యాత్రలలో కోల్‌కతా ఒకటి. కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం దర్శించి, విక్టోరియా మెమోరియల్ ఎదుట ఫొటో తీయించుకొని తిరిగి రావడం పరిపాటి. అయితే ఆ నగరానికి ఉత్తరాన, రైలు మార్గంలో సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, మన దేశ చరిత్రను మలుపు త్రిప్పిన ఒక పొలం ఉన్నది. దానిని చూడకుండా కోల్‌కతా యాత్ర సంపూర్ణం కాదని చెప్పవచ్చును. అదే పలాశీ. పాఠ్యపుస్తకాలలో మనం ప్లాసీ అని చదువుకొన్న యుద్ధభూమి.

చూడవలసినదేమిటో తెలిసిన పిమ్మట, ఎక్కడ బస చేయాలన్నది మొదటి ప్రశ్న. యాత్రకయ్యే వ్యయం, శ్రమ, తృప్తి ఈ మూడూ ఆ ఒక్క నిర్ణయంపైననే ఆధారపడి ఉంటాయి. ఆ విషయాన్ని మీ ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పలాశీకీ మనకూ సంబంధమేమిటి?

1757 జూన్ 23న పలాశీలో యుద్ధం జరిగింది. అదే సంవత్సరం జనవరి 24న మన బొబ్బిలి కోట నేలకూలింది. బొబ్బిలిపై దండెత్తిన ఫ్రెంచి సేనాని బుస్సీకి అండగా నిలిచిన విజయనగర ప్రభువు విజయరామరాజును తాండ్ర పాపారాయుడు హతమార్చాడు. ఆయన తరువాత వచ్చిన ఆనందరాజు ఫ్రెంచివారితో చెడి, ఇంగ్లీషువారి సాయం కోరాడు. అప్పటికే పలాశీ విజయంతో బెంగాలులో బలపడిన క్లైవ్, 1758లో కర్నల్ ఫోర్డ్‌ను సేనతో సముద్రమార్గాన కలకత్తా నుంచి విశాఖపట్నానికి పంపించాడు. ఆ ఏడు డిసెంబరులో పిఠాపురం సమీపాన చెందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి వశమైంది. గోదావరి, కృష్ణా డెల్టాల పొలాల శిస్తు ఎవరికి చెందాలన్నది ఈ విధంగా కలకత్తా నుంచి కదిలిన సేన తేల్చింది.

మరొక సంగతి మనలను మరింతగా కదిలిస్తుంది. పలాశీలో క్లైవ్ వెంట ఉన్నవారు సుమారు 3,000 మంది మాత్రమే. వారిలో అధిక భాగం భారతీయ సిపాయిలు. మద్రాసు నుంచి ఓడలలో తరలివెళ్ళిన సిపాయిలు వారిలో ఉన్నారు. దక్షిణాది నుంచి, తెలుగు నేల నుంచి వచ్చినవారన్న కారణంగా బెంగాలులో కంపెనీ సిపాయిలను “తిలంగాలు” అని పిలువసాగారు. క్రమేణ ఆ పేరు ఉత్తరాదిన సిపాయి అన్న మాటకే పర్యాయపదమైంది. గెలిచిన సేనాధిపతి పేరు బడిపిల్లలందరికీ తెలుసు. పొట్టకూటికై అంత దూరం నడిచిన ఆ తిలంగాల పేర్లు మాత్రం ఏ స్తంభంపైనా లేవు. ఆ పొలం గట్టుపై నిలబడినపుడు మీరు జ్ఞాపకం చేసుకోవలసినది ముందుగా వారినే.

సేనాపతి విడిది, యాత్రికుని విడిది

క్లైవ్ కూడా విడిది గురించి ఆలోచించవలసి వచ్చింది. భాగీరథి నదికి ఆవలి ఒడ్డున ఉన్న కట్వాలో అతని సేన ఆగింది. యుద్ధానికి తలపడాలా వద్దా అని జూన్ 21న సేనాధికారులు సమావేశమైనపుడు, వెంటనే తలపడరాదన్నవారే అధికులు. క్లైవ్ సైతం అదే పక్షాన నిలిచి, కొద్ది గంటలలో మనసు మార్చుకొన్నాడు. మరునాడు నది దాటి, ఆ రాత్రి అర్ధరాత్రి దాటిన తరువాత పలాశీ మామిడితోటకు చేరాడు. తోట ప్రక్కనే ఉన్న నవాబుగారి వేట భవనం అతని విడిది అయింది. ఉదయం లేచేసరికి రణభూమి కళ్ళెదుట ఉన్నది.

యుద్ధభూమిని చూడబోయే యాత్రికునికి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. పెద్ద నగరంలో సౌకర్యాలు ఎక్కువ గనుక అక్కడే అన్ని రాత్రులూ గడిపి, ఒక్కనాడు పరుగున వెళ్ళి పలాశీ చూచి వద్దామని అనేకులు తలపోస్తారు. పైకి ఇది చౌకగా కనబడుతుంది. లెక్క వేసి చూడండి.

దూరాల లెక్క

కోల్‌కతాలోని సియాల్దా స్టేషన్ నుంచి లాల్‌గోలా వెళ్ళే రైలు మార్గంపై మనకు కావలసిన ఊళ్ళన్నీ వరుసగా ఉన్నాయి. సియాల్దా నుంచి కృష్ణనగర్ సుమారు 100 కిలోమీటర్లు, పలాశీ 150, బహరంపూర్ 186, ముర్షిదాబాద్ 197 కిలోమీటర్లు.

కోల్‌కతాలోనే బస చేసి ఒకనాడు పలాశీకి, మరొకనాడు ముర్షిదాబాద్‌కు వెళ్ళి వచ్చారనుకోండి. మొదటి రోజు రానుపోను 300 కిలోమీటర్లు, రెండవ రోజు 394 కిలోమీటర్లు, వెరసి 694 కిలోమీటర్లు. అదే బహరంపూర్‌లో బస చేసిన యెడల, కోల్‌కతా నుంచి అక్కడికి 186, అక్కడి నుంచి పలాశీకి రానుపోను 72, ముర్షిదాబాద్‌కు రానుపోను 22, తిరుగు ప్రయాణం 186, వెరసి 466 కిలోమీటర్లు. ఆదా అయ్యేది 228 కిలోమీటర్లు. అంతకు మించి ఆదా అయ్యేది కాలం. కోల్‌కతా నుంచి ఒక్కరోజులో పలాశీ చూచి వచ్చేవారికి దినంలో అధిక భాగం రైలులోనే గడిచిపోతుంది. ఎండ నడినెత్తికి చేరే వేళకు పొలంలో దిగి, తిరుగు రైలు తప్పిపోతుందేమోనన్న ఆదుర్దాతో గడియారం చూచుకొంటూ నిలబడవలసి వస్తుంది. వృద్ధులు, పిల్లలు వెంట ఉన్నవారి అవస్థ చెప్పనక్కరలేదు.

పలాశీ గ్రామంలోనే ఉండవచ్చు కదా అని మీరు అడుగవచ్చును. అది వ్యవసాయ గ్రామం. కుటుంబ సమేతంగా వెళ్ళేవారు అక్కడ గది దొరుకుతుందన్న భరోసాతో బయలుదేరడం వివేకం కాదు. కృష్ణనగర్ మధ్యేమార్గం. అక్కడి నుంచి పలాశీ 50 కిలోమీటర్లు. ఘూర్ణీ మట్టిబొమ్మలకు, సర్‌పురియా, సర్‌భాజా అనే మీగడ మిఠాయిలకు ప్రసిద్ధి చెందిన ఊరది. పలాశీ ఒక్కటే చూచి మరలిపోదలచినవారికి కృష్ణనగర్ తగినది. పలాశీతో పాటు నవాబుల రాజధానిని కూడా చూడదలచినవారికి బహరంపూర్ సర్వవిధాలా అనుకూలం.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

మన తెలుగువారికి బరంపురం అనగానే ఒడిశాలోని గంజాం జిల్లా పట్టణం గుర్తుకు వస్తుంది. హౌరా వెళ్ళే రైలు అక్కడ ఆగుతుంది గనుక ఈ పొరపాటు మరింత సులభం. మీరు బస చేయవలసినది పశ్చిమ బెంగాల్, ముర్షిదాబాద్ జిల్లా కేంద్రమైన బహరంపూర్. దాని రైల్వే స్టేషన్ పేరు బహరంపూర్ కోర్ట్. గది కేటాయింపు పత్రంలోను, రైలు టిక్కెట్టులోను జిల్లా పేరు, స్టేషన్ పేరు సరిచూసుకొన్న తరువాతనే సొమ్ము చెల్లించండి.

కోల్‌కతాలో రెండు రాత్రులు

నగరాన్ని పూర్తిగా విడిచిపెట్టమని మా ఉద్దేశం కాదు. పలాశీ కథకు ఆరంభం కోల్‌కతాయే. 1756 జూన్ 20న నవాబు సిరాజుద్దౌలా స్వాధీనం చేసుకొన్న పాత ఫోర్ట్ విలియం నేటి జనరల్ పోస్టాఫీసు ఉన్న చోటనే ఉండేది. కోట గోడ హద్దును తెలిపే ఇత్తడి గీత అక్కడ మెట్లపై నేటికీ కనబడుతుంది. 1757 జనవరి 2న ఇంగ్లీషువారు నగరాన్ని తిరిగి పట్టుకొన్నారు. ఆ దండయాత్రలో నౌకాదళానికి నాయకత్వం వహించిన అడ్మిరల్ వాట్సన్ సమాధి సమీపంలోని సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో ఉన్నది. చీకటిగది దుర్ఘటన పేరిట ఇంగ్లీషువారు నిలిపిన హాల్వెల్ స్తంభం కూడా నేడు అక్కడే ఉన్నది. దానిని నడివీధి నుంచి తొలగించాలని 1940లో సుభాష్ చంద్ర బోస్ ఉద్యమించిన ఫలితంగా అది ఈ ఆవరణకు చేరింది. ఇవన్నీ బి.బి.డి. బాగ్ పరిసరాలలో కాలినడకన చూడదగినవి. పలాశీ యుద్ధం తరువాత నిర్మించిన కొత్త కోట, ఇటీవల విజయ్ దుర్గ్ అని పేరు మార్చబడినది, సైన్యం అధీనంలో ఉన్నందున వెలుపలి నుంచి చూచి తృప్తిపడవలసిందే.

కావున కోల్‌కతాలో బస ఎస్ప్లనేడ్ లేక సియాల్దా ప్రాంతంలో ఉండడం మంచిది. ఎస్ప్లనేడ్ నుంచి పై స్థలాలన్నీ దగ్గర. సియాల్దా నుంచి ఉత్తరాదికి వెళ్ళే రైలు దగ్గర. హౌరా నుంచి ఎస్ప్లనేడ్ మీదుగా సియాల్దాకు నది అడుగున వెళ్ళే మెట్రో రైలు 2025 ఆగస్టు నుంచి నడుస్తున్నందున, మూటాముల్లెతో హౌరా వంతెన మీద ట్రాఫిక్‌లో చిక్కుకొనవలసిన బాధ తప్పింది. అయితే లాల్‌గోలా వైపు వెళ్ళే అన్ని రైళ్ళూ సియాల్దా నుంచే బయలుదేరవు. ఉదయం వెళ్ళే హజార్‌దువారీ ఎక్స్‌ప్రెస్ చిత్‌పూర్‌లోని కోల్‌కతా స్టేషన్ నుంచి బయలుదేరుతుంది. టిక్కెట్టుపై స్టేషన్ పేరు చూచి దానికి తగినట్లు గది ఎంచుకోండి.

ఆవనూనె వంట సరిపడనివారు దక్షిణ కోల్‌కతాలో లేక్ మార్కెట్ పరిసరాలలో దక్షిణాది భోజనశాలలు ఉన్నాయని గుర్తుంచుకోగలరు. కాని భోజనం కొరకు బసను అంత దూరం మార్చడం వల్ల ప్రతిదినం రెండు ప్రయాణాలు అధికమవుతాయి. భోజనానికి వెళ్ళిరండి, బసను మార్చకండి.

బహరంపూర్‌లో రెండు రాత్రులు

బహరంపూర్ కూడా చరిత్ర లేని ఊరు కాదు. పలాశీ విజయానంతరం ఇంగ్లీషువారు ఇక్కడ సైనిక స్థావరం కట్టారు. సరిగ్గా వంద సంవత్సరాల తరువాత, 1857 ఫిబ్రవరి 26న, ఇక్కడి 19వ పటాలం సిపాయిలే కొత్త తూటాలను అందుకోవడానికి నిరాకరించారు. నాటి బ్యారక్ స్క్వేర్ మైదానం నేటికీ ఉన్నది. సాయంవేళ అక్కడ నడిచి, భాగీరథి ఒడ్డున కూర్చుంటే ఒక దినపు ప్రయాణ బడలిక తీరుతుంది. గది విషయమై రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ వసతిగృహాలను ముందుగా విచారించి, అటుపిమ్మట ప్రైవేటు లాడ్జీలను చూడడం క్షేమం.

మరునాడు తెల్లవారగానే పలాశీకి బయలుదేరండి. స్టేషన్ నుంచి బ్యాటరీ రిక్షాపై స్మారక స్తంభం వద్దకు వెళ్ళవచ్చును. అక్కడ కోటలు, బురుజులు ఉంటాయని ఆశించరాదు. మామిడితోట నేడు లేదు. భాగీరథి నది గతి మార్చుకొని నాటి రణరంగంలో చాలా భాగాన్ని తనలో కలుపుకొన్నది. మిగిలినది ఒక స్తంభం, నవాబు పక్షాన పోరాడి నేలకొరిగిన మీర్ మదన్ తదితరుల స్మారక చిహ్నాలు, చుట్టూ వరి, జనుము, ఆవాలు పండే పొలాలు. నగరవాసికి ఇక్కడ చూచేదేమీ లేదనిపించవచ్చును. రైతుకు అట్లా అనిపించదు. ఏ గట్టు పల్లం, ఏ చోట నీరు నిలుస్తుంది, ఎక్కడ దాగి ఫిరంగి పేల్చవచ్చు అన్నది మీ కళ్ళకు ఇట్టే తెలుస్తుంది. ఉదయపు ఏటవాలు వెలుగులో ఈ ఎత్తుపల్లాలు స్పష్టంగా కనబడతాయి. దగ్గరలో బస చేయడం వల్ల కలిగే అసలు లాభం ఇదే. చలికాలంలో ఆవచేలు పూచి చూపు దూరం సాగుతుంది. యుద్ధం జరిగిన జూన్ నెలలో వెళ్ళినవారికి ఎదిగిన జనుము చేలు అడ్డు నిలుస్తాయి, వానల చిక్కు కూడా ఉంటుంది.

వాన ప్రస్తావన వచ్చినది గనుక డీలరు మిత్రులకు ఒక మాట. యుద్ధం నాటి మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. ఇంగ్లీషువారు తమ మందుగుండును టార్పాలిన్లతో కప్పుకొన్నారు. నవాబు సేన కప్పుకోలేదు. తమ మందు తడిసినట్లే ఎదుటివారి మందు కూడా తడిసి ఉంటుందని భావించి ముందుకు దూకిన మీర్ మదన్ ఫిరంగి గుండు తగిలి మరణించాడు. దాదాపు 50,000 సేనలో అధిక భాగాన్ని మీర్ జాఫర్ తదితరులు కదలకుండా నిలిపివేశారు. సాయంకాలానికి అంతా ముగిసింది. ఇంగ్లీషువారి పక్షాన మరణించినవారు పాతికమందికి లోపే. గోదాములో ఎరువుల బస్తాలపై పట్టా కప్పే ప్రతి డీలరూ ఈ ఘట్టాన్ని మరచిపోడు.

మూడవ ఉదయం ముర్షిదాబాద్ చూడండి. 1837లో పూర్తయిన హజార్‌దువారీ భవనానికి వేయి ద్వారాలని పేరు, వాటిలో వంద ఉత్తుత్తివి. అందులోని ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు. బస తేదీలు నిర్ణయించేటప్పుడు ఈ వారం లెక్క తప్పక చూచుకోవలెను. నది దాటితే ఖుష్‌బాగ్‌లో సిరాజుద్దౌలా సమాధి ఉన్నది. ఇవతలి ఒడ్డున జాఫర్‌గంజ్‌లో మీర్ జాఫర్ సమాధి ఉన్నది. ఆయన నివాసపు ద్వారాన్ని ప్రజలు నేటికీ “నమక్ హరామ్ దేవుడీ” అనే పిలుస్తారు. ఆ సాయంకాలపు రైలుకు కోల్‌కతా చేరి, ఒక రాత్రి హౌరా సమీపాన గడిపితే, ఉదయం బయలుదేరే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ వంటి రైలును నిశ్చింతగా అందుకోవచ్చును. మొత్తం ఐదు రాత్రులు.

ఎర్ర కాగితం పాఠం

గది మాట్లాడుకొనేటప్పుడు అద్దె ఎంత, పన్నులు అందులో చేరినవా, గది ఖాళీ చేయవలసినది మధ్యాహ్నం 12 గంటలకా లేక 24 గంటల లెక్కా, అదనపు పరుపుకు ఎంత, రద్దు చేసుకొంటే ఎంత తిరిగి వస్తుంది, ఈ ఐదింటినీ వ్రాతపూర్వకంగా తీసుకోండి. కుటుంబంలోని పెద్దలందరి గుర్తింపు కార్డులు వెంట ఉంచుకోండి. దుర్గాపూజ రోజులలోను, డిసెంబరు చివరి వారంలోను గదులు దొరకడం కష్టం.

వ్రాతపూర్వకం అన్నంత మాత్రాన చాలదు, ఆ పత్రం నిజమైనదో కాదో చూడాలి. పలాశీ కుట్రలో భాగస్వామి అయిన ఉమీచంద్ అనే వర్తకుడు తన వాటాను ఒప్పందంలో వ్రాయించుకొన్నాడు. క్లైవ్ రెండు ఒప్పందాలు తయారు చేయించాడు. తెల్ల కాగితంపైనున్నది అసలైనది, అందులో ఉమీచంద్ ఊసే లేదు. ఎర్ర కాగితంపైనున్నది అతనికి చూపడానికి మాత్రమే. దానిపై సంతకం చేయడానికి వాట్సన్ నిరాకరించగా, ఆయన సంతకాన్ని మరొకరి చేత పెట్టించారు. యుద్ధం ముగిసిన తరువాత గాని ఉమీచంద్‌కు సంగతి తెలియలేదు. ఫోను తెరపై అందమైన గది బొమ్మ చూచి, ఎవరికో ముందస్తు సొమ్ము పంపే ముందు ఈ ఎర్ర కాగితాన్ని స్మరించుకోండి. లాడ్జికి స్వయంగా ఫోను చేసి, మీ పేర గది నమోదైనదని ధ్రువపరచుకోండి.

అప్పుతో గెలిచిన గద్దె

పలాశీ నేర్పే పాఠాలలో రుణగ్రహీతలకు మిక్కిలి దగ్గరిది మీర్ జాఫర్ కథ. నవాబు పదవికి బదులుగా కంపెనీకి కోటి రూపాయలు, కలకత్తాలోని ఇంగ్లీషువారికి 50 లక్షలు, అక్కడి హిందువులకు 20 లక్షలు, ఆర్మీనియన్లకు 7 లక్షలు చెల్లిస్తానని ఆయన ఒప్పుకొన్నాడు. గద్దె ఎక్కి చూస్తే ఖజానాలో అంత సొమ్ము లేదు. 1757 జూన్ చివర, ఆనాటి మహా బ్యాంకరు జగత్ సేఠ్ ఇంట కూర్చుని లెక్కలు తేల్చుకొన్నారు. సగం వెంటనే, తక్కిన సగం మూడేళ్ళలో మూడు వాయిదాలుగా చెల్లించాలని నిర్ణయమైంది. వాయిదాలు నిలువలేదు. బర్ద్వాన్, పలాశీ ఉన్న నదియా, ఈ ప్రాంతాల శిస్తును కంపెనీకి ఒప్పగించవలసి వచ్చింది. 1760లో గద్దె కూడా పోయింది. అప్పటి జగత్ సేఠ్‌ను, ఆయన సోదరుని వరుసవాడైన స్వరూప్ చంద్‌ను 1763లో మీర్ ఖాసిం చంపించాడు. ఇచ్చినవాడూ మిగలలేదు, పుచ్చుకొన్నవాడూ మిగలలేదు.

అందుచేత యాత్రకు మీ మిగులు సొమ్మునే వాడండి. పంట రుణం వాయిదా తేదీ యాత్ర తేదీలలో పడకుండా చూచుకోండి. 3 లక్షల రూపాయల వరకు గల పంట రుణాన్ని గడువులోగా చెల్లించినవారికి వడ్డీలో 3 శాతం తగ్గింపు లభించే సదుపాయం ఉన్నదని మీకు తెలిసినదే. 3 లక్షలపై అది ఏడాదికి 9,000 రూపాయలు. గడువు దాటి తిరిగి వస్తే బహరంపూర్‌లో గది చౌకగా దొరికినా ఆ నష్టం పూడదు. బాకీ చెల్లించి రశీదు పెట్టెలో పెట్టి బయలుదేరినవానికి ఏ లాడ్జి పరుపుపైనైనా నిద్ర పడుతుంది.

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలని మన పెద్దలు అన్నారు. ఆ దుప్పటిని ఎక్కడ పరచుకోవాలన్నది మీ చేతిలోనే ఉన్నది. నగరపు దీపాల క్రింద కాక, చూడవచ్చిన పొలానికి దగ్గరగా పరచుకోండి. ఉదయాన పలాశీ గట్టుపై నిలిచి, పేరు తెలియని మన తిలంగాలకు ఒక్క నమస్కారం చేసి రండి.